లక్ష్మణమ్మ మరియు ఇతరులు

ఝాన్సీలక్ష్మి అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికి: కృపారాణి మేడమ్ పొందూరు వదిలి హైదరాబాదు వెళ్ళిపోతుందని.

పిల్లాడు దగ్గితే భయం, మొగుడు బండి మీద రావడం ఆలస్యమైతే భయం, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయానేమోనని భయం. ఇవన్నీ రోజువారీ భయాలు. వాటితో కాపరం చెయ్యడం ఆమెకి అలవాటైపోయింది. మేడమ్ వెళ్ళిపోతుందన్న భయం అలాంటిది కాదు. ఇంటర్ మొదటి ఏడు మధ్యలో ఆగిపోయిన చదువుని, పెళ్ళయి పిల్లాడు పుట్టాక, ఓపెన్ స్కూలు పుస్తకాలు తెచ్చి చేతిలో పెట్టి "మళ్ళీ మొదలెట్టు" అన్న మనిషి ఆవిడొక్కతే. సాయంత్రం పిల్లాణ్ణి చంకనేసుకుని రెండు వీధులు దాటి వెళ్తే లెక్కలు చెప్పేదీ ఆవిడే. ఆవిడ లేకపోతే ఆ పుస్తకాలు మళ్ళీ అటకెక్కుతాయి. అటకెక్కిన పుస్తకం తనంతట తాను దిగిరాదని ఝాన్సీకి బాగా తెలుసు.

అంత పెద్ద భయానికి మూలం చూస్తే చిన్నది. ఒక కాగితం మీద పేర్ల వరస.

కృపారాణిది చీపురుపల్లి. తండ్రి సత్యరాజు అక్కడి బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఆవిడ వృక్షశాస్త్రం చదువుకుని, ఒక ట్రస్టు నడిపే డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా పొందూరు వచ్చింది. వచ్చిన కొత్తలోనే ఝాన్సీ అమ్మమ్మ లక్ష్మణమ్మ అరుగు మీద కూర్చుని, ఆ ముసలావిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం చూసింది. దారం సన్నగా రావాలంటే పొందూరులో ముందు చెయ్యాల్సిన పని అదే. ఆ చేప దవడకి ఉండే సన్నటి పళ్ళ మధ్య నుంచి దూది పోచ పోచగా విడిపోయి చెత్త కింద పడుతుంది. ఇనప దువ్వెన ఉండగా చేప ఎముక ఎందుకని అడిగింది కృపారాణి. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండేళ్ళు తిరిగింది. అప్పటికి కాలేజీ మానేసి ఇంట్లో ఖాళీగా ఉన్న ఝాన్సీ ఆవిడ వెంట ఇంటింటికీ తిరిగి, ఎవరు ఎలా దువ్వుతున్నారో రాసి ఇచ్చేది. చివరికి రెండువేల పదిలో ఆ పరిశోధన ఇంగ్లీషు పత్రికలో అచ్చైంది.

పేర్లు వెయ్యాల్సి వచ్చినప్పుడు కృపారాణి ఆలోచించనే లేదు. పెళ్ళి శుభలేఖలో గానీ, చర్చి వార్షికోత్సవం కార్డులో గానీ ఎలా వేస్తారో అలాగే వేసింది. ముందు ఇంటి పెద్ద లక్ష్మణమ్మ. తరవాత ఆ ఇంటి పిల్ల ఝాన్సీలక్ష్మి. ఇంటివాళ్ళ పేర్లు అయ్యాక, చిట్టచివర తన పేరు. తన పేరు తానే ముందు వేసుకోవడం ఏ వూరి మర్యాద?

ఆరేళ్ళ తరవాత ఆ మర్యాదే ఆవిడ పీకకి చుట్టుకుంది.

ట్రస్టువాళ్ళు వృక్షశాస్త్రంలో ఒక పర్మనెంటు పోస్టు ఇస్తామన్నారు. ఇంటర్వ్యూ విజయనగరంలోని ట్రస్టు ఆఫీసులో. పాఠాలు ఎంత బాగా చెబుతారన్నదానికి కొన్ని మార్కులు, పరిశోధనకి కొన్ని మార్కులు. పరిశోధన మార్కుల దగ్గరే చిక్కొచ్చింది. ఆ సాయంత్రం లెక్కల పుస్తకం మూసేసి, మేడమ్ తన ఫోను ఝాన్సీ చేతికిచ్చింది.

"ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తమ రాతలో ఎత్తి చెబితే దాన్ని సైటేషన్ అంటారు. ఎంతమంది ఎత్తి చెబితే అంత పలుకుబడి. మన పేపర్ని చాలామందే ఎత్తేరు. కోయంబత్తూరోళ్ళు, నాగపూరోళ్ళు, బయట దేశాలోళ్ళు కూడాను."

"మరి మంచిదే కదా మేడమ్."

"మంచిదే. ఎలా ఎత్తేరో చదువు."

ఝాన్సీ ఒళ్ళో పిల్లాణ్ణి సర్దుకుని, కూడబలుక్కుని చదివింది. ఎక్కడ చూసినా ఒకటే మాట. లక్ష్మణమ్మ మరియు ఇతరులు, రెండువేల పది.

"ఆ ఇతరుల్లో ఉన్నానే నేను," అంది మేడమ్. "నువ్వూ అందులోనే ఉన్నావనుకో. తరవాత నేనొక్కదాన్నే రాసినవి రెండున్నాయి. వాటిని ఎత్తిన దిక్కు లేదు. ఇంటర్నెట్టులో మీ అమ్మమ్మకి ఒక పేజీ కూడా ఉన్నాది తెలుసా? అదే తయారైపోయింది. పలుకుబడిలో నాకంటే ఆవిడే పెద్ద సైంటిస్టు. మొన్న ఎవరో కుర్రాడు డాక్టర్ లక్ష్మణమ్మ గారికని నాకు ఉత్తరం పంపించాడు, తనతో కలిసి పని చేస్తారా అని."

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్ళి ఈ సంగతి అమ్మమ్మ చెవిన వేస్తే, "రమ్మను. దూది ఏకడానికి మనుషులు సాలక సస్తన్నాం," అంది లక్ష్మణమ్మ.

అందరూ నవ్వారు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కమిటీ నుంచి మేడమ్‌కి ఫోనొచ్చింది. డాక్టర్ లక్ష్మణమ్మ దగ్గర మీరు సహాయకురాలిగా చేశారా అని అడిగారట. మొదటి పేరుకే మార్కుల్లో పెద్ద వాటా, మిగతావాళ్ళకి మిగిలింది. ఆ పరిశోధన నడిపించింది మీరేనని మిగతా ఇద్దరి చేతా రాయించి తెండి, లేకపోతే ఈ పేపరు మీ లెక్కలో వెయ్యడం కష్టం అన్నారు. పోస్టు రాకపోతే కాంట్రాక్టూ పొడిగించరు. హైదరాబాదులో తమ్ముడు బెన్హర్ ఏదో ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మాట్లాడి ఉంచాడు.

కాలేజీ ఆఫీసులో నరసింగరావు గారని పెద్ద గుమాస్తా ఉన్నాడు. ఇలాంటి కాగితాలు రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన రెండు కాగితాలు టైపు చేసి ఇచ్చాడు, ఒకటి లక్ష్మణమ్మకి, ఒకటి ఝాన్సీకి.

"వేలిముద్ర వేయించగలవా?" అని మేడమ్ తల దించుకునే అడిగింది.

మర్నాడు పొద్దున్నే ఝాన్సీ అమ్మమ్మ ఇంటికెళ్ళింది. ముసలావిడ అరుగు మీద పత్తి దువ్వుతోంది.

"ఏటి రాసున్నాదో సదువు," అంది.

ఝాన్సీ చదివింది. "ఈ పరిశోధనతో నాకు ఎట్టి సంబంధమూ లేదనియు, నా పేరు పొరపాటున చేర్చబడినదనియు..."

లక్ష్మణమ్మ దవడ ఎముక పక్కన పెట్టింది. "ఎవలు రాసినారది?"

"ఆఫీసులో నరసింగరావు గారు."

"ఆ బాబు ఎప్పుడైనా మనింటికొచ్చినాడేటి?"

"లేదు."

"మరి నాకు సమ్మందం ఉన్నాదో లేదో ఆయనకెలగ తెలిసింది?"

"అది కాదు అమ్మమ్మా. మేడమ్ ఉజ్జోగం పోతాది."

"దాని ఉజ్జోగానికి నానడ్డమేటే? ఏలుముద్రే కదా, ఏస్తాను. మంచి మాట మీద ఏస్తాను. రెండేళ్ళు ఈ అరుగు మీద కూకోబెట్టి దానికి నాను సెప్పలేదేటి? ఏ పత్తి తడి, ఏ పత్తి పొడి, ఎముక ఎటు తిప్పాల, అన్నీ సెప్పినాను. ఇప్పుడు నాకేటీ సమ్మందం లేదని రాసిస్తే, అది ఆ రెండేళ్ళూ ఈ ఇంటికొచ్చి ఏటి సేసినట్టు? పేకాడిందేటి?"

ఝాన్సీ తన కాగితం తీసి చూసుకుంది. అందులోనూ అదే మాట, ఎట్టి సంబంధమూ లేదని. తనవరకూ అయితే సంతకం పెట్టేద్దామనే అనుకుంది. పేరు పోతే పోయింది, మేడమ్ ఉంటుంది కదా. కానీ అమ్మమ్మ అన్న మాట పట్టుకుని ఆలోచించి, కాగితం మడిచేసింది. ఈ ఇంటికి సంబంధం లేకపోతే ఆ పేపర్లో రాసినదంతా ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఈ కాగితాలు ఇస్తే మేడమ్‌కి పేరు రావడం అటుంచి, మేడమ్ కట్టుకథ రాసిందని తామే సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన మొగుడు వెంకటేష్‌తో ఈ సంగతి చెప్పింది. వెంకటేష్ ఆమెకి మేనత్త కొడుకే, సరుకుల ఆటో నడుపుతాడు. అన్నీ తేలిక అతనికి.

"దానికంత ఆలోసనేటే? ముసల్ది కునుకు తీసినప్పుడు ఏలట్టుకుని ముద్రేయించీ."

"అలగే బావా. నువ్వు కునుకు తీసినప్పుడు నీ ఏలట్టుకుని ఆటో అమ్మేస్తాను."

వెంకటేష్ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "నా బండి జోలికెందుకెళ్తావే," అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పిల్లాడు ఉయ్యాల్లో నిద్రపోయాక ఝాన్సీ తెల్లకాగితం తీసుకుని కూర్చుంది. ఆఫీసు భాష ఆమెకి రాదు. వచ్చిన భాష ఒకటే, నూలు పనివాళ్ళ ఇళ్ళలో పెరిగినవాళ్ళందరికీ వచ్చేది. వడికిన నూలు చిలపలుగా చుట్టి ఇచ్చేచోట దారంలో తేడా కనిపిస్తే, ఇది ఎవరి చెయ్యి అని అడుగుతారు. దువ్విన చెయ్యా, ఏకిన చెయ్యా, వడికిన చెయ్యా అని. అప్పుడు ఏ ఆడదీ అంతా నాదే అనదు. నాకేం సంబంధం లేదు అని కూడా అనదు. ఇంతవరకూ నా చెయ్యి, అక్కణ్ణుంచి ఫలానా ఆవిడ చెయ్యి అంటుంది. అంతటితో తగువు తేలిపోతుంది.

ఝాన్సీ అలాగే రాసింది. పత్తి దువ్వి చూపించి, దువ్వడంలో మెళకువలు చెప్పిన చెయ్యి లక్ష్మణమ్మది. ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన చెయ్యి ఝాన్సీలక్ష్మిది. ప్రశ్న వేసి, పోచల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిచి, ఇంగ్లీషులో రాసి పంపించిన చెయ్యి కృపారాణిది. మూడు వాక్యాలూ రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేసరికి పిల్లాడు లేచాడు.

సాయంత్రం ఝాన్సీ తెచ్చిన ఆ కాగితాన్ని మేడమ్ రెండుసార్లు చదువుకుంది. నరసింగరావు గారి కాగితాల్లో ఏముందో అప్పుడే ఝాన్సీ నోటి వెంట వినేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది.

"నేను చదవకుండానే నీకిచ్చేశాను. చదివితే ఇవ్వలేనని తెలుసు కాబట్టి చదవలేదేమో కూడా," అంది. ఝాన్సీ రాసినది మడత పెడుతూ, "ఇదైతే నిజమే. కానీ చెల్లుతుందంటావా?"

"సెల్లకపోతే అమ్మమ్మని తీసుకొస్తాను."

"ఎక్కడికి?"

"మీరెక్కడికెళ్తే అక్కడికి."

"పిల్లాడికి జలుబన్నావు కదే."

"ఆడూ వస్తాడు."

ఆ మాట అనేసింది గానీ, ఇంటర్వ్యూ రోజు పాసింజరు రైల్లో కూర్చున్నంతసేపూ ఝాన్సీ చెయ్యి పిల్లాడి నుదుటి మీదే ఉంది. కాస్త వెచ్చగా ఉన్నట్టుంటుంది, మళ్ళీ చల్లగా ఉన్నట్టుంటుంది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే గాలి. లక్ష్మణమ్మ మాత్రం దర్జాగా కాళ్ళు ముడుచుకుని కూర్చుని, పక్కనున్న ఆడమనిషితో కబుర్లలో పడింది.

"ఇజినారం ఎందుకెల్తన్నావు మామ్మా?" అని అడిగింది ఆవిడ.

"ఇంటర్యూకి."

"ఈ వయసులో నీకేటి ఇంటర్యూ?"

"నాకు కాదు, ఈ పిల్లకి. నాను దీనికి పెద్ద." లక్ష్మణమ్మ మేడమ్‌ని చూపించింది. చీపురుపల్లి దాటేవరకూ మేడమ్ కిటికీ లోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఝాన్సీకి తెలియలేదు.

ట్రస్టు ఆఫీసులో ప్యూను మేడమ్ ఒక్కదాన్నే లోపలికి పంపించాడు. తలుపు మూసుకుంది. వరండాలో బెంచీ మీద వీళ్ళు ముగ్గురూ మిగిలారు. లోపల మాటలు సగం వినిపిస్తున్నాయి, సగం లేదు. ఎవరో నవ్వారు. "పెద్దవారు కదా అని వేశాను సార్," అని మేడమ్ గొంతు. మళ్ళీ ఎవరో, "పెద్దరికం చూసి పేపర్లో పేరు వేస్తారామ్మా?" అనడం. తరవాత ఏమీ వినపడలేదు.

ఝాన్సీ లేచి ప్యూను దగ్గరికెళ్ళింది. పిల్లాణ్ణి చంకలో సర్దుకుని గట్టిగా నిలబడింది.

"అన్నా, మేం లోపలికెళ్ళాల."

"కుదరదమ్మా. పిలిచినోళ్ళే."

"లోపల అడుగుతున్నది ఈవిడ గురించే. కాయితంలో మొదటి పేరు ఈవిడది, రెండోది నాది. మమ్మల్ని బయట కూకోబెట్టి మా గురించి ఆవిణ్ణడిగితే ఎలగ?"

"అలా వెళ్ళనిస్తే నా ఉద్యోగం పోతుంది తల్లీ."

"నువ్వు మమ్మల్ని ఎళ్ళనివ్వొద్దు. లోపలికెళ్ళి ఒక్కమాట సెప్పు. లక్ష్మణమ్మ గారొచ్చినారని సెప్పు సాలు."

ప్యూను ముసలావిణ్ణి ఎగాదిగా చూశాడు. లోపలికెళ్ళాడు. వచ్చి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

లోపల బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో ఉన్నాయన గోవిందరావు గారు, రిటైరైన ప్రొఫెసరు. లక్ష్మణమ్మని చూసి ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"డాక్టర్ లక్ష్మణమ్మ గారు..."

"నానే బాబూ. డాక్టర్ని కాను. డాక్టర్నైతే నా మోకాలు ఇలగుంటాదేటి?"

పక్కనున్న ఇద్దరిలో ఒకావిడ పెదాలు బిగబట్టుకుంది. గోవిందరావు గారు నవ్వలేదు. కుర్చీ వేయించాడు. ముందున్న కాగితం, అంటే ఝాన్సీ రాసినది, ఎత్తి చూపించాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నానండి," అంది ఝాన్సీ.

"మామ్మగారూ, ఈ పని మీరు మొదలుపెట్టారా, ఈవిడ మొదలుపెట్టిందా?"

లక్ష్మణమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. అమ్మమ్మకి పొగడ్తంటే ఎంత ఇష్టమో ఝాన్సీకి తెలుసు. దువ్వింది నేను, చెప్పింది నేను, అంతా నాదే అని ఒక్కమాట అంటే చాలు, మేడమ్ రాత్రి బండికే హైదరాబాదు వెళ్ళిపోవచ్చు.

"దువ్వడమైతే నాకు తెలివొచ్చిన కాణ్ణుంచీ ఉన్నాది బాబూ," అంది లక్ష్మణమ్మ. "మాయమ్మ దువ్వింది, నాను దువ్వినాను. ఆ ఎముకతోనే ఎందుకు దువ్వాల, ఇనప దువ్వెనతో దువ్వితే ఏటైపోతాదని నన్నెవలూ అడగలేదు. నాకూ ఎప్పుడూ అడగాలనిపించలేదు. ఈ పిల్లొచ్చి అడిగింది. నాకు తెల్దన్నాను. అయితే సూద్దాం అంది. అదే మొదలు."

"అంటే ప్రశ్న ఈవిడది."

"పెశ్న దానిదే. పత్తి నాది."

"మరి మీ పేరు ముందెందుకు వేసింది?"

"నాను పెద్దదాన్ని కదా."

బల్ల చివర కూర్చున్నాయన మళ్ళీ నవ్వబోయాడు. గోవిందరావు గారు అతని వైపు తిరిగాడు. "నా మొట్టమొదటి పేపర్లో మా గైడు గారి పేరు ముందుందండీ. ఆయన అందులో అక్షరమ్ముక్క రాయలేదు. ఆ వరస ఎందుకని నన్నెవరూ కాగితం తెమ్మని అడగలేదు," అన్నాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

తరవాత ఆయన మేడమ్‌తో సూటిగానే మాట్లాడాడు. అచ్చైన వరస ఎవరూ మార్చలేరు, మొదటి పేరు మార్కులు ఆవిడకి రావు. ప్రధాన పరిశోధకురాలు ఎవరన్న చోట రాయడానికి మాత్రం ఈ కాగితం చాలు, ఆ మార్కులు వస్తాయి. "అవి సరిపోతాయో లేదో కూడితే గానీ తెలియదు. మర్యాద ఇంట్లో ఉంచుకోమ్మా. ఈసారి పేపర్లో పని చూసి వరస వెయ్యి," అన్నాడు.

ఆ కాగితం మీద కమిటీ ఎదుటే ముద్ర వేయించడానికి ప్యూను స్టాంపు ప్యాడు తెచ్చాడు. లక్ష్మణమ్మ వేలిముద్ర వేసి, కొంగుకి తుడుచుకుంది. ఝాన్సీ పిల్లాణ్ణి మేడమ్ చేతికిచ్చి, ఇంటిపేరుతో సహా పూర్తిగా సంతకం పెట్టింది. ఆలోగా పిల్లాడు మేడమ్ ఇంటర్వ్యూ చీర తడిపేశాడు.

కూడితే సరిపోయాయి. బొటాబొటిగా సరిపోయాయి.

ఉద్యోగం వచ్చిందన్న కబురుతో పాటే ఇంకో కబురూ వచ్చింది. పర్మనెంటు పోస్టు ఉన్నది పొందూరు కాలేజీలో కాదు, అదే ట్రస్టువాళ్ళ నరసన్నపేట కాలేజీలో. మేడమ్ ఆ కాగితం పట్టుకుని ఝాన్సీ ఇంటికే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "చేరమంటావా?" అని అడిగింది, ఆ అమ్మాయి వద్దంటే మానేసేటట్టు.

ఝాన్సీ ఇన్నాళ్ళూ ఏది జరక్కూడదని తిరిగిందో అది తన చేత్తో రాసిన కాగితం వల్లే జరుగుతోంది. అయినా హైదరాబాదు కాదు కదా, అనుకుంది.

"సేరండి మేడమ్. నాను ఆదివారాలొస్తాను. లెక్కలు దాచి ఉంచుతాను, రానివన్నీ ఒక్కసారి సెప్పించుకుంటాను."

"పిల్లాడితో బస్సులో అంత దూరం వస్తావా?"

"ఇజినారం రాలేదేటి?"

వెంకటేషే మేడమ్ సామాను ఆటోలో వేసుకుని దింపి వచ్చాడు. మొదట్లో ఝాన్సీ అన్న మాట ప్రకారం వెళ్ళింది. రానివన్నీ చెప్పించుకుంది, పరీక్ష ఫీజు కట్టింది. ఇప్పుడు వానలు పట్టుకున్నాయి. పిల్లాడికి పళ్ళొస్తూ జ్వరం, ఇల్లు కదలడానికి లేదు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకునే చదువుతోంది. చదువు మాత్రం ఆపలేదు. ఆపే ఉద్దేశమూ లేదు.

ఆమె గుబులంతా మేడమ్ గురించే. ఆవిడ ఈసారి తన పేరు ముందు పెట్టి ఏదో కొత్తది రాస్తోందట. రాతలో పడితే ఆవిడకి వేళ తెలియదు. పొందూరులో అయితే లక్ష్మణమ్మ కేకేసి గిన్నెలో ఇంత పెట్టేది. అక్కడ ఒంటి గది. ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తదు.

మీలో ఎవరైనా నరసన్నపేట మీదుగా వెళ్ళేవాళ్ళుంటే ఒక్క పని చెయ్యండి. బస్టాండు దగ్గర దిగి, డిగ్రీ కాలేజీ వెనక వీధిలో కృపారాణి మేడమ్ గది ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆవిడ అన్నం తిందో లేదో, ఒంట్లో బాగుందో లేదో తలుపు తట్టి ఒకసారి చూడండి. ఝాన్సీ పంపించిందని చెప్పండి.